తదితరులు పాల్గొన్నారు

మా ఇంట్లో అటక మీద ఏముందని ఎవరైనా అడిగితే మా ఆవిడ తడుముకోకుండా చెబుతుంది: "మా ఆయన కీర్తి. దాన్ని తింటూ చెదలు."

అందులో సగమే నిజం. చెదలున్నాయి. కీర్తి సంగతే ఇన్నేళ్ళుగా తేలడం లేదు. జనపతాడుతో నెలవారీగా కట్టి, అట్టముక్క మీద నెలా సంవత్సరం రాసిపెట్టిన పదమూడేళ్ళ జిల్లా పేపర్లవి. పెద్ద పేపరు కాదు, దాని మడతలో దూరి వచ్చే పిల్ల పేపరు. ప్రధానమంత్రులు మారిన పేపర్లన్నీ ఏ నెలకానెల తూకానికి వేసేశాను. బాపట్ల చుట్టుపక్కల ఎవరి గేదె తప్పిపోయిందో రాసిన పేపర్లు మాత్రం పట్టుచీరల్లా దాచాను. మా ఆవిడ పట్టుచీరలు మడతల్లో చీకిపోతున్నా నాకు పట్టలేదు గానీ, ఈ కట్టల మధ్య కలరా ఉండలు వేయడం ఒక్క ఏడాదీ మర్చిపోలేదు.

ఎందుకు దాచావని అడిగినవాళ్ళకి "స్థానిక చరిత్ర" అని చెప్పేవాణ్ణి. ఇప్పుడు అరవై ఎనిమిదేళ్ళొచ్చాయి. ఆడిన అబద్ధాలు గుర్తుపెట్టుకునే ఓపిక లేదు కాబట్టి అసలు సంగతి చెప్పేస్తాను. వాటిల్లో ఎక్కడో ఒకచోట నా పేరు పడకపోతుందా అని.

మా చిన్నతనంలో ఇలాంటి ఆశకి తావే లేదు. మా ఊరు పేపర్లో పడాలంటే మంత్రిగారైనా రావాలి, వరదైనా రావాలి. రెండూ ఒకేసారి వస్తే మంత్రిగారు ముందు పేజీలోకి వెళ్ళేవారు, వరద లోపలి పేజీలోకి వెళ్ళేది. 1974 ఆగస్టు 10న విశాఖపట్నంలో ఈనాడు మొదలయ్యాక పేపరు మన గుమ్మానికి దగ్గరైంది. 1989లో జిల్లాకో చిన్న పేపరు చొప్పున వేయడం మొదలుపెట్టాక ఏకంగా మన వంటింట్లోకే వచ్చి కూర్చుంది. మిగతా పత్రికలూ అదే దారి పట్టాయి. మేమప్పుడు గుంటూరు జిల్లా. తెనాలి నాటకం, నరసరావుపేట పంచాయితీ, బాపట్ల గేదె, అన్నీ ఒకే పేజీలో సర్దుకుని కాపురం చేసేవి. మా ఇంటికొచ్చే పేపరేదో మాత్రం అడక్కండి. అది నా మీద చూపిన చిన్నచూపు దృష్ట్యా పేరు చెప్పదలుచుకోలేదు.

ఆ రోజుల్లో ఊళ్ళో జరిగే ప్రతి సభకీ వెళ్ళేవాణ్ణి. కవి సమ్మేళనం, కంటి శిబిరం, బదిలీ మీద వెళ్ళే తహసీల్దారుకి వీడ్కోలు, బదిలీ మీద వచ్చే తహసీల్దారుకి స్వాగతం. ఏ సభైనా వేదిక మీద చివరి కుర్చీ నాది. చివరి కుర్చీ ఎప్పుడూ ఖాళీగా ఉంటుందనీ, ఎవరూ పిలవకపోయినా వెళ్ళి కూర్చుంటే లేవమనే ధైర్యం తెలుగువాడికి ఉండదనీ 1991లోనే కనిపెట్టాను. పేపర్లు దాచడం మొదలుపెట్టిందీ ఆ ఏడే.

మర్నాడు పొద్దున్నే పేపరు తెరిస్తే అధ్యక్షులవారి పేరుండేది. ముఖ్య అతిథి, విశిష్ట అతిథి, ఆత్మీయ అతిథి ఉండేవాళ్ళు. ప్రార్థనాగీతం పాడిన పాపాయి, ఆ పాపాయి తండ్రి కూడా ఉండేవాళ్ళు. చివర్న, "తదితరులు పాల్గొన్నారు."

ఆ తదితరులు నేనే.

ఫోటో పడితే ఇంకా అన్యాయం. నా కుర్చీ చివరిది కదా, ఫోటో అంచు సరిగ్గా నా మోచేతి దగ్గరికొచ్చి ఆగిపోయేది. ఆ కట్టల్లో నా మోచెయ్యి పద్నాలుగుసార్లు అచ్చయింది. మా ఆవిడ వాటిని వరసగా చూసి, "మోచెయ్యి మాత్రం బాగా వస్తుందండీ మీకు" అంది.

మా ఊరి విలేకరిని మంచి చేసుకుందామని ఆదివారాలు ఇంటికి పిలిచేవాణ్ణి. మా ఆవిడ పెసరట్లు వేసేది. అతను తింటూ తన కష్టాలు చెప్పుకునేవాడు. జీతం కాదు, లైన్ అకౌంట్. అచ్చయినదాన్ని కొలిచి డబ్బులిస్తారు. అది విన్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నా పేరు రాస్తే అర లైను పెరుగుతుంది. అంటే ఈ మనిషి, నాలుగు పెసరట్లు తిని కూడా, నా పేరు రాయకుండా ఉండడానికి తన సొంత డబ్బు వదులుకుంటున్నాడన్నమాట!

ఇంకో రహస్యం కూడా అతనే చెప్పాడు. ఫ్యాక్సులూ కంప్యూటర్లూ మా ఊరు చేరకముందు వార్తలన్నీ కవర్లో పెట్టి సాయంత్రం గుంటూరు వెళ్ళే బస్సు డ్రైవరు చేతికిచ్చేవాళ్ళు. సభ ఏడింటికి, బస్సు ఆరింటికి. కాబట్టి సభ జరగడానికి గంట ముందే సభ విజయవంతమై బస్సెక్కేది. ఆహ్వానపత్రికలో పేర్లున్న పెద్దలందరూ ఇళ్ళలో పడుకుని కూడా "పాల్గొన్నారు." గుమ్మంలో తోరణాలు కట్టేవేళకే వెళ్ళి, కుర్చీలు దులిపి, చివరిదాకా కూర్చున్న నేను తదితరులు. ఒకసారి వాన కురిసి సభ జరగనే లేదు. మర్నాడు చూస్తే సభికులు మంత్రముగ్ధులయ్యారు.

ఇలా ఏళ్ళ తరబడి చదివీ చదివీ పేపరు భాష నాకు బాగా పట్టుబడింది. "స్వల్ప తోపులాట" అంటే కుర్చీలు విరిగాయి. "పలువురు" అంటే ముగ్గురు. "భారీ సంఖ్యలో" అంటే ఏడుగురు, విలేకరితో కలిపి. "ఆద్యంతం రక్తి కట్టింది" అంటే కృష్ణుడికి పద్యం మధ్యలో రెండో పాదం గుర్తురాక హార్మోనియం ఒక్కటే పావుగంట వాయించారు. నేనా నాటకానికి వెళ్ళాను. తదితరులుగా.

మొన్న సంక్రాంతికి ముందు ఇంటికి రంగులు వేయిద్దామనుకున్నాం. రంగులవాడు అటక చూసి, "ఇది ఖాళీ చేస్తేనే నేను నిచ్చెనెక్కుతాను" అని చెప్పేశాడు. మా ఆవిడ ముప్పయ్యేళ్ళుగా ఈ మాట అనే మనిషి కోసమే చూస్తోంది.

చివరి ప్రయత్నంగా ఆవిడకి ఉపన్యాసం ఇచ్చాను. సభల్లో నాకెవరూ మైకివ్వలేదు కాబట్టి నా ఉపన్యాసాలన్నీ ఇంట్లోనే. "చిన్న పేపర్లని తక్కువ చెయ్యకు. 1874లో వీరేశలింగంగారు వివేకవర్ధని పెట్టి రాజమండ్రిలో లంచగొండుల గుట్టంతా బయటపెట్టారు. అంతెందుకు, 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు సారా మీద తిరగబడ్డారు. జిల్లా పేపర్లు రోజూ ఆ కబుర్లు మోసుకెళ్ళబట్టే ఒక ఊరి వార్త ఇంకో ఊరి ఆడవాళ్ళకి తెలిసింది. చివరికి 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా బంద్ అయింది. అదీ పిల్ల పేపరు సత్తా!"

ఆవిడ చింతపండు పిసుకుతూ అంతా విని, "ఆ ఆడవాళ్ళు పేపరు చదివి సారా దుకాణం మూయించారు. మీరు పేపరు చదివి అటక మూయించారు" అంది.

ఇలా కాదని బస్సెక్కించి వేటపాలెం తీసుకెళ్ళాను. అక్కడి సారస్వత నికేతనం 1918లో పుట్టిన గ్రంథాలయం. దాని భవనానికి 1929లో గాంధీగారు శంకుస్థాపన చేశారు. ఆయన చేతికర్ర ఇప్పటికీ అక్కడ భద్రంగా ఉంది. 2022 ఏప్రిల్‌లో బాపట్ల జిల్లా అయ్యాక వేటపాలెం మా జిల్లాలోకే వచ్చింది కాబట్టి కొంచెం గర్వంగానే లోపలికి నడిచాను. పాత పత్రికలు వరసగా బైండు చేసి ఉన్నాయి. "చూశావా, తెలివైనవాళ్ళు పేపర్లు ఎలా దాచుకుంటారో" అన్నాను. అంతటితో ఆగక, ఆంధ్రపత్రిక పెట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి గురించి చెప్పబోయాను. ఆయన 1893లో అమృతాంజనం, 1908లో పత్రిక మొదలుపెట్టారు.

"ముందుచూపున్న మనిషి. ముందు మందు తయారుచేసి, తర్వాత తలనొప్పి తెచ్చారు" అంది. బయటికొచ్చాక మెల్లగా అసలు మాట కూడా అనేసింది. "వీళ్ళు ఊరికోసం దాచారండీ. మీరు మీకోసం దాచుకున్నారు."

నేనేం మాట్లాడలేదు. అరకిలో వేటపాలెం జీడిపప్పు కొనిచ్చి ఊరుకున్నాను. మర్నాడే పాత పేపర్ల అబ్బాయిని పిలిచింది.

అతను కాటా పట్టుకుని వరండాలో కూర్చున్నాడు. నేను హాల్లో కట్టలు విప్పుతూ కూర్చున్నాను. అమ్మే ముందు ఒక్కసారి చూసి ఇస్తానన్నాను. పేపర్లన్నీ పసుపుపచ్చగా తిరిగిపోయాయి. న్యూస్‌ప్రింట్ చవకరకం కలపగుజ్జుతో చేస్తారు. అందులో ఉండే లిగ్నిన్‌కి గాలీ వెలుతురూ తగిలితే రంగు తిరుగుతుంది. నా జుట్టుకీ ఏదో తగిలింది గానీ అది తెలుపు వైపు తిరిగింది.

ఒక కట్టలో తప్పిపోయిన గేదె. మొదటిరోజు దాని కొమ్ముల వంపు, నుదుటి మీద చుక్కతో సహా వర్ణన. మూడోరోజు గేదె తనంతట తానే ఇంటికి రాగా ఊరిపెద్దలు ఒకరినొకరు అభినందించుకున్నారు. గేదె స్పందన వేయలేదు.

ఇంకో కట్టలో ఒక తండ్రి బహిరంగ ప్రకటన. ఫలానా కుమారుడికీ తనకీ ఇకమీద ఏ సంబంధమూ లేదు, వాడి అప్పులకి తాను పూచీ కాదు. నాలుగు నెలలు తిప్పితే అదే తండ్రి, అదే కుమారుడు, పెళ్ళిపందిట్లో పక్కపక్కనే నిలబడి ఫోటో. మధ్యలో ఏం జరిగిందో పేపరు చెప్పలేదు. కట్నం గట్టిదై ఉంటుందని మా ఆవిడ తేల్చింది. కట్టలు మోయడానికొచ్చిన మనిషి కాస్తా ఎప్పుడు నా పక్కన చతికిలబడి చదవడం మొదలుపెట్టిందో నేను గమనించలేదు.

ఎడ్ల బండలాగుడు పోటీలు. ఏ ఊరి జత, ఎవరి జత, ఎన్ని అడుగులు లాగింది, అంగుళాలతో సహా. మూడో స్థానం వచ్చిన ఎద్దుల ఫోటోలో కూడా కొమ్ముల దగ్గర్నుంచి తోకదాకా అన్నీ పడ్డాయి. ఒక్క ఎద్దు మోచెయ్యి కూడా తెగలేదు.

సన్మానాలు లెక్కలేనన్ని. ఒకే నెలలో నాలుగు సభలు, నాలుగు శాలువాలు. "నాలుగు కాదు, ఒక్కటే. అంచు చూడండి" అంది మా ఆవిడ. భూతద్దం తెచ్చి చూస్తే నిజమే. ఒక కవిగారికి కప్పిన శాలువా వారానికల్లా డాక్టరుగారి భుజాల మీదికీ, అక్కణ్ణుంచి డ్రిల్లు మాస్టారి మీదికీ నడిచింది.

సినిమాహాల్లో రెండో ఆట మధ్యలో కరెంటు పోయి ఎంతకీ రాకపోతే, గేటు దగ్గర ఆపరేటరే మిగతా కథ చెప్పి జనాన్ని ఇళ్ళకి పంపించాడట. కథే బాగుందని ఇద్దరు ముగ్గురు అన్నట్టు కూడా ఉంది.

పదో తరగతి ఫలితాల పేజీలు చేతికి రాగానే ఇద్దరం నవ్వేశాం. పేజీల నిండా హాల్‌టికెట్ నంబర్లే. చీమలబారుల్లా ఉండేవి. మా వాడి ఏడాది నేను ఫస్ట్‌క్లాసు నంబర్లు స్కేలు పెట్టి గంటసేపు వెతికాను. ఆవిడ థర్డ్‌క్లాసు దగ్గర మొదలుపెట్టి నిమిషంలో పట్టేసింది. పిల్లల్ని ఎవరు పెంచారో ఆ రోజే తేలిపోయింది.

"అమ్మా, పొద్దుపోతోంది. నేను తూచాలి, మీరు చదవాలి. ఎవరో ఒకరం ఆపుదాం" అన్నాడు పేపర్ల అబ్బాయి. ఆవిడ ఉలిక్కిపడి లేచింది. నూట పద్నాలుగు కేజీలు, కేజీ పన్నెండు చొప్పున పదమూడువందల అరవై ఎనిమిది రూపాయలు. నా కీర్తికి ఊళ్ళో ఎవరైనా వెల కట్టడం అదే మొదలు.

బండి సందు మలుపు తిరిగింది. రంగులవాడు గోడల మీది సామాను దింపడం మొదలుపెట్టాడు. టీవీ పైన వేలాడే ఫ్రేము కూడా దింపాడు.

ఆ ఫ్రేము సంగతి చెప్పలేదు కదూ. నా పేరు పేపర్లో పడనే లేదన్నాను గానీ, ఒక్కసారి పడింది. దాదాపు. 1996 జనవరిలో, కనుమ వెళ్ళిన మూడోరోజు. దోమల నివారణకి ప్రజలు సహకరించాలని, ఇళ్ళ వెనక కొబ్బరిచిప్పల్లో నీళ్ళు నిలవనివ్వరాదని నేను రాసిన ఉత్తరం అచ్చయింది. కింద నా పేరు సుబ్బారావు అని ఉండాలి. 'సు'కి కొమ్ము ఎగిరిపోయి "సబ్బారావు" అని పడింది. వారంపాటు కిరాణా కొట్లో "ఏ సబ్బు రావుగారూ, బట్టలదా ఒంటిదా?" అని అడిగారు. ఉత్తరం చదివిన ఎదురింటాయన మా పెరట్లోకి తొంగిచూసి పదకొండు కొబ్బరిచిప్పలు లెక్కపెట్టాడు, నీళ్ళతో సహా. అయినా నేను తగ్గలేదు. ఆ ముక్క కత్తిరించి, బాల్‌పెన్నుతో కొమ్ము పెట్టి, అద్దం కట్టించి, వచ్చినవాళ్ళకి కనబడేలా తగిలించాను. మా ఆవిడ ప్రతి శుక్రవారం దాన్ని తుడుస్తూనే ఉంది.

రంగులవాడి చేతిలో ఫ్రేము వెనక అట్ట ఊడింది. కాగితం తిరగబడి నేల మీద పడింది. తీద్దామని వంగాను.

వెనకవైపు కూడా వార్త ఉంది. నా కత్తెరకి అడ్డంగా తెగిపోయిన వార్త. "...గ్గుల పోటీ విజేతలు." కింద మా వీధి పేరు. దాని కింద, "ప్రథమ బహుమతి శ్రీమతి సుశీ". అక్కడితో కాగితం అయిపోయింది.

మా ఆవిడ పేరు సుశీల.

"ఇదేమిటే?" అన్నాను.

"ముగ్గుల పోటీ. ఇరవై ఒక్క చుక్కల రథం ముగ్గు వేశాను."

"నీకు తెలుసా, పేపర్లో పడినట్టు?"

"పొద్దున్నే పేపరు తీసింది నేనేగా. మీరు లేవగానే చూపిద్దామనుకున్నాను. లేస్తూనే కత్తెర పట్టుకున్నారు."

"మరి చెప్పొచ్చుగా!"

"మీరంత సంతోషంగా ఉంటే ఏం చెబుతాను? అప్పటికే మీ కొమ్ము పోయి బాధలో ఉన్నారు."

బహుమతి ఏమిచ్చారని అడిగాను. వంటింటి అలమర వైపు చూపించింది. నాలుగు గిన్నెల స్టీలు క్యారేజీ. పదిహేనేళ్ళు ఆఫీసుకి నేను మోసిన క్యారేజీ. ఎక్కడిదని ఆవిణ్ణి ఎన్నడూ అడగలేదు. మా అత్తగారు పెట్టిందని ఆఫీసులో అందరికీ చెప్పాను. పాపం ఆవిడకి ఆ పేరు ఊరికే దక్కింది. అంటే ఆదివారాలు పెసరట్లు తిన్న విలేకరి ఉప్పు తిన్న విశ్వాసం చూపించాడన్నమాట. అట్టు ఎవరు వేశారో వాళ్ళ పేరు వేశాడు.

చెప్పులు కూడా వేసుకోకుండా వీధిలోకి పరుగెత్తాను. బండిని భావనారాయణస్వామి గుడి దగ్గర పట్టుకున్నాను. 1996 జనవరి కట్ట కావాలన్నాను. ముప్పావు కేజీ. నేనమ్మిన లెక్కన తొమ్మిది రూపాయలు. అతను యాభై అన్నాడు.

"ఇందాకేగదయ్యా నీకమ్మింది!"

"మీరు అమ్మితే పాత పేపరు సార్. మీరు కొంటే పాతకాలం పేపరు."

యాభై ఇచ్చి కట్ట గుండెలకి హత్తుకుని ఇంటికొచ్చాను. మధ్యలో కిటికీలా కన్నమున్న పేజీ దొరికింది. ముక్కని తెచ్చి కన్నంలో పెట్టాను. "ము" వచ్చి "గ్గుల"తో కలిసింది. "సుశీ" పక్కకి "ల" వచ్చి చేరింది. ముప్పయ్యేళ్ళు కావస్తోంది, ఆవిడ పేరు మూడొంతుల్లో రెండొంతులు నా వీపు వెనక గోడ మీద, ఒక వంతు అటక మీద ఉండి. అన్నిటికన్నా ఒళ్ళు మండిందేమిటంటే, ఒక్క అచ్చుతప్పు లేదు. గుడీ దీర్ఘమూ అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి.

వార్త మొత్తం గట్టిగా చదివాను. చివరి వాక్యం: "ఈ కార్యక్రమంలో వీధి పెద్దలు, విజేతల కుటుంబసభ్యులు తదితరులు పాల్గొన్నారు."

నా ప్రాణం లేచొచ్చింది. "కుటుంబసభ్యులు, తదితరులు! రెండిట్లోనూ నేనున్నానే!"

"మీరెక్కడున్నారండీ? ఆ సాయంత్రం మీరు ఇంకో సభలో తదితరులు" అంది.

రంగులు పూర్తయ్యాక పెద్ద ఫ్రేము కట్టించాను. పేజీ మొత్తం, అతుకుతో సహా, ముగ్గుల వైపు బయటికి పెట్టించి టీవీ పైన అదే మేకుకి తగిలించాను. శుక్రవారాలు తుడిచే పని ఇప్పుడు నాది. అవతలి వైపు సబ్బారావు గోడకేసి తిరిగి, కొబ్బరిచిప్పల్లో నీళ్ళు నిలవనివ్వొద్దని గోడకి చెబుతూ ఉంటాడు. ఆ గోడకి పెరడు లేదు కాబట్టి ఈసారి ఎవరూ చిప్పలు లెక్కపెట్టలేదు.